ఎడమకు తిరిగిన నత్తగుల్ల

పదకొండు గంటల వేళ, నీళ్ళు లేని ఈత కొలను అడుగున నిలబడి, ముక్కలమ్మ తన చేతిలోని నత్తగుల్లనూ కాళ్ళ ముందున్న నత్తగుల్లనూ మార్చి మార్చి చూసింది. చేతిలోది సముద్రంలో పుట్టిన అసలు గుల్ల, పిడికెడంత ఉంటుంది. కాళ్ళ ముందుది ఆవిడే రంగు టైల్ ముక్కలతో నేల మీద పరిచినది, నాలుగడుగుల పొడవు, పదకొండు వందల ముక్కలు. దాని మీది తడి కాగితం ఒలిచి అరగంట కూడా కాలేదు. ఒలవగానే తేనె రంగులో నిగనిగలాడిపోయింది. పక్కనున్న ఆడపడుచు, "దీని పక్కన పడుకుని ఫొటో తీయించుకోవచ్చు వదినా" అని మురిసిపోయింది కూడా.

ఏడోసారి చూసేసరికి ముక్కలమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అమ్మాయ్, ఇలా రా. ఈ గుల్ల మొన పైకి పెట్టి, నోరు మన వైపు తిప్పితే నోరు ఏ పక్కనుంది?"

"కుడి పక్క."

"మరి నేల మీద?"

ఆడపడుచు తల అటు వంచి చూసింది, ఇటు వంచి చూసింది. కొలను చుట్టూ నడిచి అవతలి పక్కకు వెళ్ళి చూసింది. చాలక, నడుం వంచి రెండు కాళ్ళ సందులోంచి తలకిందులుగా కూడా చూసింది. అన్ని రకాలుగా చూశాక నెమ్మదిగా లేచి జుట్టు సర్దుకుంది.

"ఎటునుంచి చూసినా ఎడమే వదినా. మన గుల్ల అద్దంలో చూసినట్టుంది."

ముక్కలమ్మ కాళ్ళ కింద కొలను కదిలినట్టయింది.

కదలక ఏం చేస్తుంది? మూడింటికి ఈ కొలను కట్టిస్తున్న స్కూలు పెద్ద మేడమ్ బొమ్మలు చూడటానికి వస్తుంది. ఐదింటికి నీళ్ళు వదులుతారు. పొద్దున్నే పిల్లలు దూకుతారు. పెద్ద మేడమ్ ముప్పై ఏళ్ళు జంతుశాస్త్రం చెప్పిన మనిషి. దోమ ఎగురుకుంటూ పోతుంటే ఆడో మగో చెప్పగలదని స్కూల్లో చెప్పుకుంటారు. పని ఒప్పజెప్పిన రోజునే ఖరాఖండిగా చెప్పేసింది, "పిల్లలు ఈదుతూ పాఠం నేర్చుకోవాలి. నేల మీద ఒక్క జీవిలో తప్పు కనిపించినా నాలుగు గోడలకూ ఫ్యాక్టరీ అచ్చు పలకలు అతికించేస్తాం. తప్పు లేకపోతే నాలుగు గోడలూ మీవే" అని.

ఆ నాలుగు గోడల కోసం ముక్కలమ్మ పదకొండేళ్ళుగా కాచుకుని ఉంది. మంచం కింది రేకుపెట్టెలో అరవై బొమ్మలు గీసి పెట్టుకుంది. జెల్లీచేపలు, కొరడాలాంటి తోకల టేకుచేపలు, ముళ్ళ బంతుల్లాంటివి, పేరే తెలియనివి. ఒక్కొక్కటీ మనిషంత పెద్దగా పెట్టాలని కోరిక. బాత్రూం నేలల మీద పెద్ద టేకుచేపను ఎవరు పెట్టించుకుంటారు?

ఈవిడ మొదట్నుంచీ సముద్రం మనిషి కాదు. ఈతే రాదు. మోకాలు లోతు నీళ్ళలో దిగితే మొగుడి చొక్కా పట్టుకునే రకం. టైల్స్ కొట్టు వెనక పడేసిన విరిగిన ముక్కలు ఏరుకొచ్చి, ఇంటి గుమ్మం ముందు పువ్వులు పరచుకోవడంతో మొదలైంది ఆ పని. అది చూసి ఎదురింటివాళ్ళు అడిగారు, పక్కవీధివాళ్ళు అడిగారు. అలా చుట్టుపక్కల నూటయాభై బాత్రూముల్లో జనం ఈవిడ పువ్వులు తొక్కుకుంటూ స్నానాలు చేశారు. అప్పటినుంచే ముక్కలమ్మ అయింది. అసలు పేరు మొగుడికైనా గుర్తుందో లేదో అనుమానమే.

పదకొండేళ్ళ కిందట చేపల కొట్టాయన ఒకడు గుమ్మం ముందు చేప బొమ్మ కావాలన్నాడు. సరే, చేప ఎలా ఉంటుందో చూద్దామని తెల్లారకముందే చేపల బజారుకు వెళ్ళింది. అక్కడొక బల్ల మీద, ఎనిమిది చేతులూ పరుచుకుని, ఊదారంగు నుంచి ఇటుకరంగుకు మారుతూ చచ్చీ చావని ఆక్టోపస్ ఒకటి కనిపించింది. దాని కన్ను ఈవిడనే చూసిందట. అంతే, చేప సంగతి మర్చిపోయి దాన్ని బకెట్లో వేసుకుని ఇంటికి తెచ్చింది. మూడు రోజులు దాన్ని బొమ్మలు వేసింది. రెండో రోజుకు వాసనకు వీధిలోని పిల్లులన్నీ వచ్చి గుమ్మం ముందు వరసకట్టాయి. మూడో రోజుకు పిల్లులు కూడా ముక్కు మూసుకుని వెళ్ళిపోయాయి. మొగుడు వేను తోలే మనిషి, నోట్లో నాలుక లేనివాడు. ఆయన కూడా చాప చంకన పెట్టుకుని, "ఇంట్లో అది ఉండాలి, లేకపోతే నేనుండాలి" అన్నాడు.

"ఒక్క రోజు ఆగండి. దీని చేతుల మీది చూషకాల లెక్క తేలలేదు, అవే, అతుక్కునే బిళ్ళలు" అందట ముక్కలమ్మ.

ఆయన ఆ రాత్రి వేనులోనే పడుకున్నాడు.

ఇక తప్పు ఎలా జరిగిందంటే, అది పని తెలిసినవాళ్ళకే జరిగే తప్పు. పని తెలియనివాడు అలా చేయమన్నా చేయలేడు. పెద్ద బొమ్మలు ఎవరూ నేల మీద కూర్చుని ఒక్కో ముక్కా పెట్టరు. ఇంట్లో బల్ల మీద కాగితం పరిచి, దాని మీద బొమ్మ గీసి, ముక్కల్ని బోర్లా అతికిస్తారు, పిండి జిగురుతో. నున్నటి మొహం కాగితం వైపు, గరుకు వీపు పైకి. తర్వాత ఆ కాగితాన్ని తిరగేసి తడి సిమెంటు మీద నొక్కుతారు. ఆరాక కాగితం తడిపి ఒలిచేస్తే మొహాలు బయటికొస్తాయి. అందుకే కాగితం మీద బొమ్మను తిరగేసి గీసుకోవాలి. అక్షరాలు పెట్టేటప్పుడు ముక్కలమ్మ ఎప్పుడూ తప్పలేదు, అద్దం ముందు పెట్టుకుని మరీ చూసుకునేది. కానీ చేపలు మొదలుపెట్టాక ఆ అలవాటు జారిపోయింది. చేప కుడికి పోతే ఏం, ఎడమకు పోతే ఏం? నక్షత్రచేపకు అసలు ఏ పక్కా లేదు. పదకొండేళ్ళుగా తిన్నగా గీస్తూ, తిన్నగా అతికిస్తూ వచ్చింది. ఒక్క జీవీ కిక్కురుమనలేదు. ఈ నత్తగుల్ల ఒక్కటే తిరగబడింది.

"ఎవరు చూస్తారులే వదినా. నీళ్ళు నిండితే అన్నీ వంకరగానే కనబడతాయి" అంది ఆడపడుచు. ఆవిడ పటకారుతో ముక్కలు కొరికే పనిలో దిట్ట. పళ్ళతో కూడా కొరకగలదని కొలను కట్టించే కాంట్రాక్టరు నమ్మకం.

"ఆవిడ నీళ్ళు నిండకముందే చూస్తుంది."

"అయితే ఏం చేద్దాం?"

ముక్కలమ్మ సంచిలోంచి చిన్న ఉలి, చిన్న సుత్తి తీసింది.

ఆడపడుచు ఆవిడ మణికట్టు పట్టుకుంది. "పిచ్చా నీకు? నాలుగ్గంటలుంది. పదకొండు వందల ముక్కలు మనం ఇంట్లో తొమ్మిది రోజులు అతికించాం."

"ఇంట్లో కబుర్లు చెప్పుకుంటూ అతికించాం. పట్టు వదులు."

సిమెంటు నిన్న సాయంత్రం వేసినదే, ఇంకా పూర్తిగా రాయి కాలేదు. అదొక్కటే అదృష్టం. భయమంతా ఆక్టోపస్ గురించి. కొలను నేలంతా పరుచుకున్న ఆ ఆక్టోపస్ ఒక చేయి వచ్చి నత్తగుల్లను చుట్టుకుని ఉంటుంది. సుత్తి దెబ్బ ఒక్క రవ్వ ఎక్కువైతే చేయి కూడా కదిలి ఊడుతుంది. గుల్లకు మందు ఉంది గానీ చేతికి లేదు. ముక్కలమ్మ నేల మీద చెవి ఆనించి, ఒక్కో దెబ్బకూ లోపల్నుంచి వచ్చే చప్పుడు వింటూ కొట్టింది. టకటక అంటే గట్టిగా ఉన్నట్టు, డొల్లగా పలికితే కదులుతున్నట్టు. నోరు వీధి చివరికి వినిపించే ఆడపడుచు కూడా ఊపిరి బిగబట్టింది.

ఒకటిన్నరకు కాంట్రాక్టరు వచ్చాడు. చేతిలో టీ కప్పు. కొలను గట్టు మీద నిలబడి కిందికి చూశాడు. నేల మధ్యలో మనిషిని పాతిపెట్టేంత గొయ్యి కనబడిందట ఆయన కంటికి. నిజానికి నాలుగు వేళ్ళ లోతు కూడా లేదు.

"ఏంటమ్మా ఇది? నన్ను చంపడానికి ఇంకేమీ దొరకలేదా?"

"గుల్ల తిరగబడింది మేస్త్రీగారూ. మళ్ళీ పెడుతున్నా."

"తిరగబడితే తిరగబడింది. నత్తకి లేని బాధ నీకెందుకు?"

"పెద్ద మేడమ్‌కి ఉంటుంది."

"ఆవిడ వచ్చేది మూడింటికి కదా, ఈలోగా..." అని నోరు తెరిచాడో లేదో, బయట కారు తలుపు పడిన చప్పుడు, దాని వెనకే ఊతకర్ర చప్పుడు. పెద్ద మేడమ్ గంటన్నర ముందే దిగబడింది. అక్కడి ఆయాను అడిగితే చెబుతుంది, ఆవిడ ఎక్కడికైనా ముందే వెళుతుంది, జనం తప్పులు సర్దుకునేలోపు చూడటానికి.

కాంట్రాక్టరు గొంతు తగ్గించి గబగబా చెప్పాడు, "వినమ్మా, కింద పైపు కారింది, అందుకే తవ్వాం. అంతే. ఇంకొక్క ముక్క ఎక్కువ మాట్లాడొద్దు, నీకు దండం పెడతా."

పెద్ద మేడమ్ నిచ్చెన దిగుతానంది. వద్దన్నా వినలేదు. కర్ర కిందున్న ఆడపడుచుకిచ్చి, ఒక్కో మెట్టూ దిగి, మళ్ళీ కర్ర అందుకుని, కొలను ఆ చివర్నుంచి చూడటం మొదలుపెట్టింది. గొయ్యి ఇంకా కనబడలేదు, ఆవిడ కంటే ముందే దిగిన కాంట్రాక్టరు మధ్యలో గోడలా నిలబడ్డాడు.

ఆక్టోపస్ చేతులు లెక్కపెట్టింది. ఎనిమిది. వంగి చూషకాలు చూసింది. చేతికి రెండేసి వరసలు. తల ఊపింది. నక్షత్రచేపను కర్రతో తట్టింది. సముద్రపు గుర్రం దగ్గర ఆగింది.

"దీనికి పొట్ట సంచి పెట్టారు. ఇది ఆడదా, మగదా?"

"మగదేనండీ. పిల్లల్ని మోసేది అదే" అంది ముక్కలమ్మ.

"మా అన్నయ్యకి చూపించాలి దీన్ని" అని గొణిగింది ఆడపడుచు.

పీత దగ్గర పెద్ద మేడమ్ మరీ ఎక్కువసేపు ఆగింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది.

"ఈ పీతకి పెద్ద డెక్క ఎడమ వైపు పెట్టారే."

కాంట్రాక్టరు కళ్ళు మూసుకున్నాడు. ముక్కలమ్మకు ఆ పీత కూడా తిరగబడిన సంగతి అప్పుడే తట్టింది. బజారులో చూసినదానికి కుడి డెక్క పెద్దది. పై ప్రాణాలు పైనే పోయాయి.

"ఉండొచ్చు" అంది పెద్ద మేడమ్. "ఈ జాతి మగపీతల్లో సగానికి అటు ఉంటుంది, సగానికి ఇటు." అని ముందుకు నడిచి, కాంట్రాక్టరును కర్రతో పక్కకు జరిపింది. "ఇదేమిటి?"

"పైపు కారిందండీ" అన్నాడు ఆయన. "చిన్నదే, సర్దేశాం."

పెద్ద మేడమ్ గొయ్యి వైపు చూసింది, ముక్కలమ్మ వైపు చూసింది. ముక్కలమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, మొహం నిండా సిమెంటు పొడి, కనురెప్పలు కూడా తెల్లబడ్డాయి. ఆ ఒక్క క్షణంలో రేకుపెట్టెలోని అరవై బొమ్మలూ కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. పైపు అని తల ఊపితే చాలు. ఎవరూ తవ్వి చూడరు.

"పైపు కాదండీ. గుల్లను తిరగేసి పెట్టాను. నోరు ఎడమకు వచ్చింది. తీసేసి మళ్ళీ పెడుతున్నాను."

కాంట్రాక్టరు నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"ఎవరు చెప్పారు తప్పని?"

"ఎవరూ చెప్పలేదండీ. కాగితం ఒలిచాక నేనే చూసుకున్నా."

పెద్ద మేడమ్ చెయ్యి చాపింది. ముక్కలమ్మ అసలు గుల్ల అందించింది. ఆవిడ దాన్ని తిప్పి తిప్పి చూసింది. ఎంతసేపు చూసిందంటే, ఆ గుల్లలో మళ్ళీ నత్త పుట్టి పెరిగి పెద్దదై ఉండేది.

"ఎడమకు తిరిగినవీ ఉంటాయమ్మా" అంది చివరికి. "ఎక్కడో ఒకటి, లక్షల్లో ఒకటి. మీరు ఉంచేసి ఉంటే నేను పిల్లలకి అదే చెప్పి ఉండేదాన్ని."

కాంట్రాక్టరు ఉన్నచోటే కూలబడ్డాడు. ఆడపడుచు వదిన వైపు చూసిన చూపులో తొమ్మిది రోజుల నడుం నొప్పి ఉంది.

ముక్కలమ్మ ఉలి కింద పెట్టలేదు. "అలాంటిదే పెట్టాలని పెట్టి ఉంటే వేరే మాటండీ. నేను చూసుకోక పెట్టాను. మీరు పిల్లలకి ఏం చెప్పినా, నాకు తెలుసు కదా."

"ఐదింటికి నీళ్ళు ఆగవు" అంది పెద్ద మేడమ్. "పొద్దున్నే పిల్లలు దిగుతారు. గొయ్యి మిగిలినా, నీళ్ళలో ముక్కలు ఊడినా, గోడల మాట మర్చిపోండి. నిజం చెప్పారని పిల్లల కాళ్ళు కోయించలేను."

"అర్థమైందండీ."

"కుర్చీ తెప్పించండి. నేను గట్టు మీదే కూర్చుంటాను."

అదొక్కటే తక్కువైంది. పైన గట్టు మీద కుర్చీ వేసుకుని ఆవిడ, కింద వీళ్ళు. ఇక కాగితం లేదు, బోర్లా అతికించడం లేదు. మొహం పైకి పెట్టి, ఎదురుగా చూస్తూ, ఒక్కో ముక్కా నేరుగా సిమెంటులో నొక్కడమే. మామూలు సిమెంటైతే రేపటిదాకా ఆరదు. కాంట్రాక్టరు దగ్గర నీళ్ళ తొట్ల చిల్లులు పూడ్చే సిమెంటు ఉంది, నీళ్ళలోనూ గట్టిపడేది. కానీ అది కలిపిన పది నిమిషాల్లో రాయి అవుతుంది. పిడికెడు కలపడం, ఆ పిడికెడంత చోటు నింపడం, మళ్ళీ పిడికెడు. ఆలస్యమైతే తాపీ కూడా దాంట్లోనే ఉండిపోతుంది.

"కలపండి మేస్త్రీగారూ" అంది ముక్కలమ్మ.

"నేనా?"

"ఇక్కడ ఇంకెవరున్నారు?"

ఇరవై ఏళ్ళుగా పక్కవాళ్ళ చేతులకే పని చెప్పిన కాంట్రాక్టరు ప్యాంటు మోకాళ్ళ దాకా మడిచాడు. మొదటి పిడికెడు కలిపే పళ్ళెంలోనే రాయి అయింది. రెండోది ఆయన చెప్పుకు అంటుకుని అక్కడే స్థిరపడింది. మూడోదానికి దారిలో పడ్డాడు.

ఆడపడుచు పటకారు చప్పుడు వడగళ్ళ వానలా ఉంది. "తేనె రంగు." "ఇదిగో." "సన్నది." "ఇదిగో." "ఇంకా సన్నది." "ఇంకా సన్నం చేస్తే పొడే వదినా, చిమ్ముకో." ముక్కలమ్మ ఆ మాట వినలేదు. అసలు గుల్లను కళ్ళ ముందు నిలబెట్టుకుని, మొన నుంచి ఒక్కో చుట్టూ కుడికి తిప్పుకుంటూ దిగుతోంది. మూడున్నరకు నాలుగు చుట్లు అయ్యాయి. నాలుగూ పదికి నోటి దగ్గరకొచ్చింది.

అక్కడ ఆగిపోయింది.

"గులాబీ రంగు ముక్కలేవీ?"

ఆడపడుచు పళ్ళెం కెలికింది. "నోటిలోపలివి సగానికి పైగా ఉలి కింద పొడైపోయాయి. ఇవే మిగిలాయి." అరచేతిలో పదిహేను ముక్కలు. కావలసినవి నలభై. ఇంటికి వెళ్ళి రావాలంటే గంట.

ముక్కలమ్మ చుట్టూ చూసింది. గట్టు మీద కాంట్రాక్టరు టీ కప్పు ఉంది. బయట తెలుపు, లోపల లేత గులాబీ.

"ఆ కప్పు ఇలా ఇవ్వండి."

"అది మా ఆవిడ..." అన్నాడు ఆయన. ముక్కలమ్మ మొహం చూసి మిగతాది మింగాడు. తెచ్చిచ్చాడు. ఆడపడుచు దాన్ని గుడ్డలో చుట్టి ఒక్క దెబ్బ వేసింది. గుల్ల నోరు గులాబీ రంగు తిరిగింది, కప్పు వంపు వల్ల కాస్త లోతుగా కూడా కనబడింది. చివరి ముక్క నొక్కి, సందులు పూడ్చి, తడిగుడ్డతో తుడిచేసరికి నాలుగూ యాభై రెండు.

పెద్ద మేడమ్ వాచీ చూసుకుంది. ఐదింటికి సరిగ్గా చెయ్యెత్తింది. నీళ్ళు వదిలారు.

నీళ్ళు లోతు వైపు నుంచి నెమ్మదిగా పైకి పాకాయి. ముక్కలమ్మ గట్టెక్కలేదు. చీలమండలు మునిగాయి, పిక్కలు మునిగాయి, ఈత రాని మనిషి అక్కడే గుల్ల పక్కన నిలబడింది. ఆక్టోపస్ చేయి మునిగింది, గుల్ల మొన మునిగింది. నోరు మునగగానే లోపల్నుంచి ఒక బుడగ లేచింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వరసగా ఐదారు.

"పోయింది" అన్నాడు కాంట్రాక్టరు.

"నోరు ముయ్యండి" అంది ఆడపడుచు.

ముక్కలమ్మ వంగి, మోచేతి దాకా నీళ్ళలో ముంచి, గుల్ల నోటి మీద అరచెయ్యి పరిచింది. సన్నగా ఏదో కదులుతున్నట్టే ఉంది. ముక్కో, గాలో తెలియదు. వేళ్ళతో ఒక్కో ముక్క అంచూ తడిమింది. మొదటి వరస, రెండో వరస. నీళ్ళు మోకాళ్ళు దాటాయి. మూడో వరస. కప్పు ముక్కలు కాస్త పదునుగా ఉన్నాయి. ఏదీ కదల్లేదు. ఇంకో బుడగ వచ్చింది, చాలా చిన్నది. తర్వాత రాలేదు.

"పైకి రామ్మా" అంది పెద్ద మేడమ్. "మునిగితే తీయడానికి నాకు చేత కాదు."

ఆడపడుచు చెయ్యి పట్టి లాగితే ఎక్కింది. తడిసిన బట్టలతో గట్టు మీద నిలబడింది, పళ్ళు టకటకలాడుతున్నాయి. పెద్ద మేడమ్ కుర్చీలోంచి లేచి నీళ్ళ అంచుకు వచ్చి, గుల్ల వైపు చాలాసేపు చూసింది.

"కప్పు ముక్కల అంచులు రేపు పిల్లలు దిగకముందు అరగదీయండి."

"అరగదీస్తానండీ."

"గోడల మీద కూడా ఇలా కాగితం మీదే బోర్లా పెడతారా?"

"లేదండీ. గోడకు ఎదురుగా కూర్చుని, చూసుకుంటూ, ఒక్కో ముక్కా పెడతాను."

"ఏడాది పడుతుంది."

"ఏడాదిన్నర."

పెద్ద మేడమ్ ఆ లెక్కను మనసులో అటూ ఇటూ తిప్పి చూసింది. "బోసిగా ఉన్న ఆ పడమటి గోడతో మొదలుపెట్టండి" అని కర్ర టకటకలాడించుకుంటూ వెళ్ళిపోయింది.

బయట కారు తలుపు పడిన చప్పుడయింది. ముక్కలమ్మ తడి బట్టలు పిండుకుంటూ గట్టు మీదే కూర్చుండిపోయింది.

"ఏడాదిన్నర అన్నావు" అంది ఆడపడుచు, పక్కన చతికిలబడుతూ. "ముక్కలు కొరికే మనిషిని ఒక్క మాట అడిగావా వదినా?"

"ఇప్పుడు అడుగుతున్నాగా."

ఆడపడుచు పటకారు తుడిచి సంచిలో పెట్టుకుంది. "టేకుచేప ముందా, జెల్లీచేప ముందా, అది చెప్పు."